ఫైనల్ ఫాంటసీ 16: అనబెల్లాకి అసలు ఏం కావాలి? (స్పాయిలర్లు ఉన్నాయి, ఈ వీడియో గేమ్ పూర్తి చేయనివాళ్లు లోపలికి రావద్దు)

మారతహళ్ళి_మామ
ఈ ఆదివారం బెల్లందూరులో మన తెలుగు బ్యాచ్ కలుస్తోంది, అందరూ ఆట ముగించినవాళ్లే. క్లైవ్, జాషువాల గురించి ఎవరికీ పేచీ లేదు. గొడవంతా వాళ్లమ్మ అనబెల్లా దగ్గరే. మొగుణ్ణి (రొజేరియా ఏలిక ఎల్విన్) చంపించింది, పెద్దకొడుకు క్లైవ్ మొహాన ముద్ర వేయించి బానిస సైన్యంలోకి తోలింది, వెళ్లి శాన్‌బ్రెక్ చక్రవర్తి సిల్వెస్టర్‌ని కట్టుకుంది. సగంమంది "అధికార పిచ్చి, అంతే" అంటున్నారు. మిగతావాళ్లు "విలన్ కావాలి కాబట్టి పెట్టేశారు" అంటున్నారు. నాకు రెండూ మింగుడుపడట్లేదు. అధికారమే కావాలంటే కదలకుండా కూర్చుంటే సరిపోయేదిగా, జాషువా గద్దెనెక్కితే రాజమాత తనే. ఆటలో కనిపించే ఆధారాలతో ఎవరైనా చెప్పండి, ఊహాగానాలు వద్దు.

ఇందిరానగర్_ఇఫ్రిట్
మామా, ముందు రెండు దేశాల పద్ధతులు పక్కపక్కన పెట్టుకో. ఒంట్లో ఐకాన్ అనే మహాశక్తి జీవి ఉండి, దానిగా మారగలిగేవాడు డామినెంట్. ఫీనిక్స్, బహమూత్ అలాంటి ఐకాన్‌లు. రొజేరియాలో ఫీనిక్స్ డామినెంట్‌కి వయసు రాగానే సింహాసనం అతనిదే. శాన్‌బ్రెక్‌లో అలా కాదు. చక్రవర్తి కొడుకు, బహమూత్ డామినెంట్ డియోన్ సైన్యానికి ముందు నిలబడే వీరుడు, ఏలేది మాత్రం డామినెంట్ కాని సిల్వెస్టర్. అంటే రొజేరియాలో అనబెల్లా భవిష్యత్తు మొత్తం ఫీనిక్స్ డామినెంట్ అయిన పదేళ్ల జాషువా మీద వేలాడుతోంది. వాడేమో పుట్టినప్పటినుంచీ రోగిష్టి. పదిహేనేళ్ల క్లైవ్‌ని ఫీనిక్స్ వరించలేదు కాబట్టి ఆమె లెక్కలో వాడు చెల్లని కాసు.

పైగా కథ మొదలయ్యే 860లో బ్లైట్ (నేలని చచ్చుబరిచే తెగులు) రొజేరియాను తినేస్తోంది. మంత్రశక్తినిచ్చే డ్రేక్స్ బ్రెత్ స్ఫటికం శత్రువులైన ఐరన్‌బ్లడ్ చేతిలో ఉంది, ఎల్విన్ దాన్ని తిరిగి పట్టుకోడానికి దండయాత్రకి బయల్దేరుతున్నాడు. ఓడిపోతే వంశమే ఉండదు. మునిగే పడవలోంచి ఆమె ముందే దిగిపోయింది.

ఇక అధికార పిచ్చి మాట. ఈస్ట్‌పూల్ ఊరు ఒక్కసారి గుర్తుచేసుకో. రొజేరియా శాన్‌బ్రెక్ చేతికి వెళ్లాక, ఆమె పాలనలో బ్లాక్ షీల్డ్స్ అనే సైనికులు ఊళ్లమీద పడి బేరర్లనీ (స్ఫటికం లేకుండానే మంత్రం వాడగలిగే, బానిసలుగా బతికేవాళ్లు), వాళ్లని దాచినవాళ్లనీ చంపుతారు. పొయ్యిలో నిప్పు, బిందెలో నీళ్లు అన్నీ బేరర్ల చేతుల మీద నడిచే లోకం అది. ఏలాలనుకునేవాళ్లు పనిచేసే చేతుల్ని నరుక్కోరు. ఆమెకి కావలసింది రక్తం "శుద్ధంగా" ఉండటం, గద్దె దానికి పనిముట్టు. బేరర్లని మనుషుల్లా చూడాలన్న ఎల్విన్ ఆమెకి భర్త కంటే ముందు వంశానికి మచ్చ తెచ్చినవాడు.

జయనగర్_జాషువా
చాలావరకు ఒప్పుకుంటా, ఒక్కచోట తప్ప. రక్తమే కొలబద్ద అయితే, డామినెంట్ కాలేదని క్లైవ్‌ని తోసేసిన మనిషి, సిల్వెస్టర్‌తో కన్న, డామినెంట్ కాని ఒలివియేని ఎలా నెత్తినపెట్టుకుంది? డామినెంటే అయిన డియోన్‌ని ఎందుకు తొక్కింది?

ఇందిరానగర్_ఇఫ్రిట్
ఆమె అసలు రంగు బయటపడేది అక్కడే. డియోన్ తల్లి వేశ్య. బహమూత్ అంతటివాడు లోపల ఉన్నా అనబెల్లాకి అతను తక్కువ పుట్టుకే. ఒలివియేలో ఒకవైపు చక్రవర్తి రక్తం, ఇంకోవైపు తన రక్తం. డామినెంట్ అనేది ఆమెకి ఒక సర్టిఫికెట్ మాత్రమే. రొజేరియాలో అది అడుగుతారు కాబట్టి అడిగింది, శాన్‌బ్రెక్‌లో అడగరు కాబట్టి వదిలేసింది. మారనిది ఒక్కటే, "నా కడుపున పుట్టినవాడే అందరికంటే పైన ఉండాలి." క్లైవ్ మీద కసి కూడా అందుకే. వాడు కళ్లముందు తిరిగితే తన రక్తంలోనే లోపం ఉందని ఒప్పుకోవాలి.

హెబ్బాళ్_హార్పో
చర్చ ఎప్పుడూ పక్కదారి పట్టేది ఆట చివరి విలన్ అల్టిమా దగ్గర. "ఒలివియే వాడి కీలుబొమ్మ కదా, అంటే అనబెల్లా కూడా" అని ఎవరో ఒకరు అంటారు. తేదీలు చూపించండి. ఎల్విన్‌ని చంపించిన ఫీనిక్స్ గేట్ ద్రోహం 860లో, అప్పటికి ఒలివియే పుట్టనే లేదు. ఆ రాత్రి ముసుగు మనిషి (అల్టిమా) కనిపించేది క్లైవ్‌కి, అదీ క్లైవ్ లోపలి ఐకాన్ ఇఫ్రిట్ బయటికొచ్చే ముందు. కుట్ర పన్నేటప్పుడు ఆమె వెనక వాడున్నట్టు ఆట ఎక్కడా చూపించదు. ఆ నేరం పూర్తిగా ఆమెదే.

ఇంకోటి, కుట్ర ఆమె అనుకున్నట్టు సాగలేదు. జాషువా కళ్లముందే తండ్రి తల తెగడం, పిల్లాడు అదుపు తప్పి ఫీనిక్స్‌గా మారడం, రెండో అగ్ని ఐకాన్ పుట్టుకురావడం, ఇవేవీ ఎవరి లెక్కలోనూ లేవు. జాషువా పోయాడని నమ్మాకే ఆమెకి మళ్లీ ఒక కొడుకు అవసరమయ్యాడు. 878లో ట్విన్‌సైడ్ నగరంలో ఇద్దరు కొడుకులూ ఎదురుగా నిలబడితే నిజమని నమ్మదు, గొంతు కోసుకుంటుంది. నమ్మితే పద్దెనిమిదేళ్లు చేసినదంతా దండగ.

ఆదివారం లోపు మొత్తం మళ్లీ ఆడక్కర్లేదు. పీఎస్5 స్టోర్‌లో ఉచిత డెమో ఉంది, రెండు గంటలు పట్టొచ్చు, ఫీనిక్స్ గేట్ రాత్రి మొత్తం అందులోనే వస్తుంది. కట్‌సీన్ నడుస్తుండగా టచ్‌ప్యాడ్ నొక్కిపట్టుకుంటే యాక్టివ్ టైమ్ లోర్ (ఆ సీన్‌లోని మనుషులు, చోట్ల వివరాలు) తెరుచుకుంటుంది. రొజేరియాలోని రోజలిత్ కోటలో అనబెల్లా వచ్చే సీన్లలో తప్పక నొక్కండి, ఒకే మనిషి ఎంట్రీ కథతోపాటు మారుతూ ఉంటుంది. పాత సేవ్ ఉంటే హైడవేలో (క్లైవ్ వాళ్ల స్థావరం) వివియన్ దగ్గరికి వెళ్లి సంబంధాల పటం తెరవండి. రాస్‌ఫీల్డ్ (క్లైవ్ వాళ్లది), లెసాజ్ (సిల్వెస్టర్‌ది) కుటుంబాలు రెండూ ఎలా ముడిపడ్డాయో నోటితో చెప్పడం కంటే ఆ పటం టీవీలో పెట్టడం తేలిక.

మారతహళ్ళి_మామ
ఇది చాలు, డెమో ఇప్పుడే డౌన్‌లోడ్ పెడుతున్నా. మరి సిల్వెస్టర్ సంగతి? మా వాళ్లలో ఒకడు ఆయన్ని ఉత్త పెళ్లాం మాట వినే మొగుడంటాడు.

జయనగర్_జాషువా
అది మరీ తేలికగా తీసేయడం. తమ స్ఫటికం డ్రేక్స్ హెడ్ పగిలాక శాన్‌బ్రెక్‌కి స్ఫటికం లేదు, అందుకే స్ఫటికం ఉండి తటస్థంగా ఉన్న క్రిస్టలైన్ డొమినియన్‌ని ఆక్రమించి రాజధాని ట్విన్‌సైడ్‌కి మార్చాడు. ఆ నిర్ణయం వెనక అవసరం ఉంది. గద్దె ఒలివియేకి అప్పగించడం దగ్గరే అనబెల్లా చెయ్యి కనిపిస్తుంది. డియోన్ తిరగబడింది కూడా తండ్రి మీద కాదు, తండ్రిని అనబెల్లా, ఒలివియేల నుంచి విడిపించడానికి. ఈటె ఒలివియే మీదకి విసిరాడు, సిల్వెస్టర్ అడ్డంపడ్డాడు. కీలుబొమ్మ మొగుడైతే ఆ క్షణంలో అడ్డంపడడు, చిన్నకొడుకు మీద ప్రేమ నిజం. ఆదివారం మీ వాణ్ణి ఆ ఒక్క సీన్‌కి జవాబు చెప్పమను.