అప్‌డేట్: నాన్నగారికి బైపాస్ అయింది, గుండె కండరం ఎలా ఉందంటే

నాన్నగారి బైపాస్‌ను పంపు (గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు చేసిపెట్టే యంత్రం) పెట్టి చేయించాలా, పంపు లేకుండా గుండె కొట్టుకుంటుండగానే చేస్తే కండరం తక్కువ దెబ్బతింటుందా అని ఇంతకుముందు అడిగాను. ఆపరేషన్ అయింది, నాన్నగారు ఇంటికి వచ్చేశారు.

సర్జన్ పంపు మీదే చేశారు. బృహద్ధమనికి క్లాంప్ వేసి, పొటాషియం ఎక్కువగా ఉండే కార్డియోప్లీజియా ద్రవంతో గుండెను ఆపుతారు. ఆ కాసేపూ రక్తం సరిగా అందదు కాబట్టి తర్వాత కొన్ని గంటలో, రోజులో కండరం నీరసంగా పనిచేయవచ్చు. దీన్ని స్టన్నింగ్ అంటారు, మెల్లగా తేరుకుంటుంది. పంపు లేకుండా చేస్తే గుండెను ఆపక్కర్లేదు గానీ, కదిలే గుండె మీద సన్నటి నాళాలు కుట్టడం కష్టం. ఈ రెండు పద్ధతులనూ పోల్చిన 2009 నాటి రూబీ ట్రయల్‌లో ఏడాదికి తెరుచుకుని ఉన్న గ్రాఫ్టులు (బైపాస్ కోసం కుట్టిన నాళాలు) పంపు లేకుండా చేయించుకున్నవాళ్లలోనే తక్కువ. 4,752 మందితో జరిగిన కరోనరీ ట్రయల్‌లో మాత్రం ఐదేళ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సర్జన్‌కు ఏ పద్ధతిలో చేయి తిరిగిందో అదే ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది.

ఎకో రిపోర్టులో గుండె మధ్య గోడ కదలిక తేడాగా ఉందని రాశారు. చాలా టెన్షన్ పడ్డాం. బైపాస్ తర్వాత ఇది తరచూ కనిపించేదేనని, కొట్టుకున్నప్పుడు గోడ సరిగానే మందమవుతోంది కాబట్టి కండరానికి ఢోకా లేదని కార్డియాలజిస్టు చూపించి మరీ చెప్పారు. ఈఎఫ్ (కొట్టుకున్న ప్రతిసారీ గుండె ఎంత శాతం రక్తాన్ని బయటకు పంపుతుందో చెప్పే అంకె) తగ్గలేదు. కొన్ని నెలలాగి మళ్లీ ఎకో తీయిస్తాం.