జబ్బు తట్టుకున్న పందిపిల్లను ఈతకు ఉంచుకోవచ్చా?

పలమనేరు రైతు:
అన్నలకు నమస్కారం. మా షెడ్డులో స్వైన్ ఫీవర్ పడింది. ఒకే ఈత పిల్లలు, ఒకే తొట్టిలో తిన్నవి. తొమ్మిదింటిలో రెండే మిగిలాయి. అందులో ఆడపిల్ల చెవులు ఎర్రబడి, వెనక కాళ్లు తూలి పడిపోయిందే, వారం తిరిగేసరికి లేచి మేత దగ్గరికొచ్చింది. దాని రక్తంలో ఏదో బలముంది కదా, ఈతకు ఉంచుకుందామని నా ఆశ.

నల్లపందుల పెంపకం:
ఉంచుకో తమ్ముడూ. మా నాటు పందులు ఇలా తట్టుకున్నవాటి సంతతే.

పశువైద్యుడు:
తొందరపడొద్దండీ. బతికినంత మాత్రాన జన్యుబలం అనలేం. ముర్రుపాలు బాగా తాగి ఉండొచ్చు, వైరస్ తక్కువగా సోకి ఉండొచ్చు. అసలు భయం వేరే ఉంది. స్వైన్ ఫీవర్‌లో కొన్ని పందులు కోలుకున్నట్టే కనబడుతూ నెలల తరబడి వైరస్ వదులుతుంటాయి. మీరు కొత్తగా తెచ్చే పిల్లలకు అదే అంటిస్తుంది.

జన్యువుల పాత్ర మాత్రం నిజం. అమెరికాలో పీఆర్ఆర్ఎస్ అనే, పందుల్లో ఈత నష్టం, శ్వాస జబ్బు తెచ్చే వేరే వైరస్ మీద కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో దాన్ని తేల్చిన తీరు చూడండి. విడతకు 200 దాకా పాలు మాన్పిన పిల్లలు, అన్నిటికీ ఒకే వైరస్, ఒకే మోతాదు. 42 రోజులు రక్తం తీశారు, బరువు తూచారు. 2012లో బయటపడిందేమిటంటే, 4వ క్రోమోజోమ్‌లో ఒకచోట మంచి రకం ఒక్క కాపీ ఉన్నా చాలు, రక్తంలో వైరస్ తక్కువ, పెరిగే బరువు ఎక్కువ. అక్కడున్న జీబీపీ5 జన్యువే కారణమని తర్వాత గట్టి ఆధారాలు దొరికాయి: చెడ్డ రకంలో ఆ ప్రోటీన్ కొస తెగిపోయి తయారవుతుంది. ఎన్ని కొలతలు పడితే ఆ మాట అనగలిగారో చూశారుగా. మీ దగ్గరున్నవి రెండే.

పలమనేరు రైతు:
అయితే ఆ మంచి రకం మగపందిని తెస్తే స్వైన్ ఫీవర్ రాదా డాక్టర్ గారూ?

పశువైద్యుడు:
అలా అనుకోవడానికి లేదండీ. ఇంకో జన్యువుతో ఉదాహరణ చెప్తాను. సీడీ163 అనే జన్యువును సవరిస్తే పీఆర్ఆర్ఎస్ వైరస్ కణంలోకి దూరలేదు. అలాంటి పందులకు 2025లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది. కానీ సీడీ163 లేని పందులకు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పేరు కలిసినా మీ జబ్బు కాదు, దాని వైరస్ వేరు) మామూలుగానే సోకింది. ఏ వైరస్ దారి దానిదే. మీ జబ్బుకు, అంటే మామూలు (క్లాసికల్) స్వైన్ ఫీవర్‌కు, టీకా ఉంది, మిగతా మందకు దాన్ని వేయించండి. ఆడపిల్లను విడిగా కట్టి రక్తం పీసీఆర్‌కు పంపండి. ఒక్కసారి నెగెటివ్ వస్తే నమ్మొద్దు, కొన్ని వారాలాగి మళ్లీ పంపండి.