కాంటెసాలో 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్ ఎక్కించాక సస్పెన్షన్‌లో ముందుగా ఏది మార్చాలి?

అమలాపురం కాంటెసా:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కొన్న హిందుస్తాన్ మోటార్స్ వారి కాంటెసా క్లాసిక్ కారు ఇప్పటికీ మా దగ్గరే ఉంది. పాత 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజన్ రెండుసార్లు రీబోరు (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించడం) చేయించినా నిలవకపోవడంతో, ఆయన హయాంలోనే ఇన్నోవాకు వచ్చే 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను గేర్‌బాక్సుతో సహా ఎక్కించి, ఆర్సీలో కూడా నమోదు చేయించారు. ఆ ఇంజన్ 102 పీఎస్ శక్తినీ, 200 న్యూటన్ మీటర్ల టార్కునూ ఇస్తుంది. కిందనున్న స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు మాత్రం పాత ఇంజన్ నాటివే.

ఇప్పుడు నా ఇబ్బందులు చెబుతాను. బ్రేకు వేస్తే కారు ముక్కు బాగా దిగిపోతుంది. మొదటి గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనుక నుంచి దబదబమని కొట్టుకునే చప్పుడు వస్తుంది, కుడి చక్రం ఒక్కటే జారి తిరుగుతుంది. కాలువ గట్టు రోడ్ల మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం దగ్గర కారు గోదావరి దాటించే పంటు ఎక్కినట్టు ఊగేది. దీనికి మందుగా ఒక షెడ్డులో ముందు స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి, డబ్బు తీసుకుని, ఇక ఏ ఇబ్బందీ ఉండదని చెప్పి పంపారు. ఆ తరువాత 60 దగ్గర ఊగడం మానేసిన మాట నిజమే కానీ, 216వ జాతీయ రహదారి మీద 85 దగ్గర అదే ఊపు మొదలవుతోంది. పైగా లాకుల వంతెన దిగేటప్పుడు ముందు చక్రాలు ఎగిరి పడుతున్నాయి. ఇప్పుడు అదే షెడ్డువారు బఫర్లు చాలవనీ, లావు తీగతో కొత్త స్ప్రింగులు చుట్టిస్తామనీ అంటున్నారు. చుట్టించమంటారా?

తణుకు పాతబండి:

దయచేసి ఇప్పుడే చుట్టించకండి. జవాబులో సగం మీ ప్రశ్నలోనే ఉంది, 60 దగ్గర ఉన్న ఊపు 85 దగ్గరకు వెళ్లిందన్న వాక్యంలో.

మన డెల్టా రోడ్లు చాలావరకు బంకమట్టి మీద వేసినవి. కాలువలు పారినంత కాలం నాని ఉబ్బి, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎండి కుంగే ఆ మట్టి వల్ల, పైన తారు ఎంత బాగున్నా రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. ఒక అల పొడవు సుమారు 14 మీటర్లు అనుకోండి. 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 16.7 మీటర్లు కనుక, సెకనుకు సుమారు 1.2 అలలు చక్రం కిందకు వస్తాయి. స్ప్రింగుల మీద కారు సహజంగా ఊగే వేగం కూడా సెకనుకు 1.2 సార్లే అయితే, ఊయలను సరిగ్గా అదను చూసి తోసినట్టు ప్రతి అలా ఆ ఊపును పెంచుకుంటూ పోతుంది. బఫర్లు దూర్చినప్పుడు కొన్ని చుట్లు పనిచేయకుండా బిగుసుకుపోయి, మిగిలిన చుట్లతో స్ప్రింగు బిరుసెక్కింది. ఊగే వేగం 1.7కు చేరిందనుకుంటే, అదే 14 మీటర్ల అల దాన్ని 85 దగ్గర పట్టుకుంటుంది. అంటే మీ షెడ్డువారు ఊపును తీసేయలేదు, దాన్ని ఇంకా ప్రమాదకరమైన వేగానికి జరిపారు. స్ప్రింగు పని బరువు మోయడం వరకే, ఊపును చంపవలసింది షాక్ అబ్జార్బరు. మీ షాకులు ఏనాటివో మీరే చెప్పారు.

అయినా ముందు భాగంలో బరువు పెరిగిన మాట నిజమే కాబట్టి, ఎంత పెరిగిందో తెలుసుకోకుండా స్ప్రింగు గురించి మాట్లాడడం దండగ. దగ్గరలోని రైస్‌మిల్లు కాటా మీదకు మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక చీటీ, తరువాత వెనుక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకొక చీటీ తీసుకోండి. ఇంజన్ మార్చని కాంటెసా ఎవరి దగ్గరైనా ఉంటే అదే కాటా మీద దాన్నీ తూచండి. తరువాత బఫర్లు తీసేసి, ముందు షాకులు రెండూ విప్పి, బంపరు మీద లయగా నొక్కుతూ 10 సెకన్లలో ఎన్ని ఊపులు వస్తున్నాయో లెక్కపెట్టండి. అంతకు ముందు బఫర్లు ఉండగానే ఒకసారి లెక్కపెడితే తేడా మీ కళ్లకే కనబడుతుంది.

లావు తీగ సంగతి కూడా వినండి. స్ప్రింగు బిరుసు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 13 మిల్లీమీటర్ల తీగ బదులు 14 మిల్లీమీటర్లది చుట్టిస్తే, ఆ ఒక్క మిల్లీమీటరుకే బిరుసు 34 శాతం పెరుగుతుంది. కంటికి ఆనని తేడా నడుముకు తెలుస్తుంది.

లేత్ పని రాజమండ్రి:

ముందు భాగం గురించి పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నా దృష్టిలో అసలు జబ్బు మీ వెనుక యాక్సిల్‌లో ఉంది, ఎందుకంటే ఇంజన్ బలం నేలను చేరేది అక్కడే.

ఇంజన్ ఇచ్చే 200 న్యూటన్ మీటర్లను మొదటి గేరు సుమారు నాలుగింతలు, వెనుక యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ గేర్లు మరో నాలుగింతలు చేస్తాయనుకుంటే, చక్రాలను తిప్పే టార్కు 3200 న్యూటన్ మీటర్లు అవుతుంది. చక్రాలను ముందుకు తిప్పే టార్కు ఎంతో, యాక్సిల్ హౌసింగును (యాక్సిల్ పైనున్న గొట్టాన్ని) వెనక్కి తిప్పాలని చూసే టార్కూ అంతే. దాన్ని ఆపవలసినవి యాక్సిల్‌ను బాడీకి పట్టి ఉంచే లింకులు, ఆ లింకుల చివర ఉన్న రబ్బరు బుష్‌లు. బుష్ అరిగిపోతే హౌసింగు కొంత మెలితిరిగి, టైరు పట్టు తప్పగానే వెనక్కి కొట్టుకుని, మళ్లీ పట్టు దొరకగానే మళ్లీ మెలితిరుగుతుంది. మీరు విన్న దబదబ అదే. అలాగే నడిపితే లింకుల బ్రాకెట్ల దగ్గర వెల్డింగు పగులుతుంది, లేదా ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు పోతుంది.

ఇది పేరున్న బలమైన కార్లకూ తప్పలేదు. షెవర్లే కమారో 1967లో వెనుక ఒంటి పట్టీ స్ప్రింగులతో వచ్చినప్పుడు పెద్ద ఇంజన్ బండ్లలో యాక్సిల్ ఇలాగే ఎగిరేది. 1968లో బలమైన ఇంజన్ల మోడళ్లకు పట్టీల సంఖ్య పెంచి, రెండు షాకులలో ఒకదాన్ని యాక్సిల్‌కు ముందూ మరొకదాన్ని వెనకా బిగించారు. అలా ఎదురుబొదురుగా ఉండడం వల్ల హౌసింగు మెలితిరిగే కదలికను కూడా షాకులు ఆపగలిగాయి.

కుడి చక్రం ఒక్కటే ఎందుకు తిరుగుతోందో కూడా చెబుతాను. గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు తిరిగే దిశ వల్ల హౌసింగు మీద పడే మెలిక ఎడమ చక్రాన్ని నేలకు అదిమి, కుడి చక్రాన్ని తేలిక చేస్తుంది. బలాన్ని రెండు వెనుక చక్రాలకూ పంచే మామూలు డిఫరెన్షియల్ తేలికైన చక్రానికి ఎంత పట్టు ఉందో రెండో చక్రానికీ అంతే బలం ఇస్తుంది కనుక, మొత్తం బలం అక్కడే వృథా అవుతుంది. కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ అనే కడ్డీని వెనుక బిగిస్తే ఇది కొంత తగ్గుతుంది. కానీ మరీ మందమైన బార్ వేస్తే, వాన పడ్డ గట్టు రోడ్డు మలుపులో కారు తోక పక్కకు విసిరేసే ప్రమాదం ఉంది. గట్టుకు ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువు ఉండే మన దగ్గర అది చిన్న విషయం కాదు.

వెనుక స్ప్రింగులను మాత్రం తక్కువగా చూడకండి. 1300 కిలోల కారు గురుత్వ త్వరణంలో 0.4 వంతు త్వరణంతో దూసుకెళితే, భారకేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకున్నా, నూరు కిలోలకు పైగా బరువు ముందు నుంచి వెనక్కి మారుతుంది. ఆ బరువు వెనుక స్ప్రింగుల మీద నిదానంగా పడాలి, రబ్బరు బంప్ స్టాపుల మీద దబ్బున పడకూడదు.

బుష్‌లు మారిస్తే మంచి రబ్బరువే వేయించండి. పాలీయూరిథేన్ బుష్‌లు గట్టివే కానీ, వెనుక లింకులు గుంతలలో అటూ ఇటూ మెలితిరగవలసిన చోట అన్నీ అవే వేస్తే యాక్సిల్ బిగుసుకుపోతుంది, ఆ కీచుమనే చప్పుడు వేరు.

భీమవరం రొయ్య:

రెండు మాటలు చెప్పి తప్పుకుంటాను. మొదటిది తుప్పు. మా వైపు రొయ్యలు, చేపలు తీసుకెళ్లే లారీల నుంచి నీళ్లు రోడ్డంతా కారుతూ ఉంటాయి, మీకు సముద్రపు గాలి ఎలాగూ ఉంది. స్ప్రింగు కూర్చునే గిన్నెలనూ, లింకుల బ్రాకెట్లనూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడకుండా ఏదీ కొనకండి. నా పాత కారులో కొత్త షాకులు బిగించిన నెలలోనే పై మౌంటు బాడీ నుంచి ఊడి వచ్చింది, రేకు పెయింటు కింద పొరలు పొరలుగా విడిపోయి ఉంది.

రెండోది కాగితం. ఇంజన్ నమోదు ముందే అయిపోయింది కనుక సరే. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. ఛాసిస్ కోయడం, యాక్సిల్ జరపడం వంటి ఆలోచనలు పెట్టుకోకండి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్లకొకసారి బండిని చూపించవలసినవారు మీరే.

అమలాపురం కాంటెసా:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే మిల్లు కాటాకు తీసుకెళ్లాను. ధాన్యం ట్రాక్టర్ల వరుస మధ్యలో కాంటెసాను చూసి గుమస్తా మొదట నవ్వినా, చీటీలు ఓపికగా ఇచ్చాడు. ముందు 720 కిలోలు, వెనుక 600. మా మిత్రుడి దగ్గర ఇంజన్ మార్చని కాంటెసా ఉంది, దానికి ముందు 630, వెనుక 590 వచ్చాయి.

బఫర్లు ఉండగా 10 సెకన్లలో 17 ఊపులు వచ్చాయి. తీసేశాక 11. విప్పిన షాకులలో ఎడమ దాన్ని చేత్తో నొక్కితే సైకిలు పంపులా దిగిపోయింది, తిరిగి పైకి రానే లేదు.

వెనుక బుష్‌ల సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. కారును స్టాండ్ల మీద నిలిపి, లింకుకూ బ్రాకెట్‌కూ మధ్య టైరు లివరు పెట్టి నెడితే, కుడి వైపు యాక్సిల్ బొటనవేలి మందం మేర ముందుకూ వెనక్కూ కదిలింది. బుష్‌లో రబ్బరు సగం లేదు, ఉన్న సగం డీజిల్ పడి జిగురులా చేతికి అంటుకుంది. బ్రాకెట్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ఎడమ వెనుక స్ప్రింగు గిన్నె అంచున నాణెమంత చోట తుప్పు ఉంది. ఇప్పుడు ముందు స్ప్రింగు ఎంత మందం చేయించాలి?

తణుకు పాతబండి:

లెక్క చక్కగా కుదిరింది. ముందు భాగంలో 90 కిలోలు, అంటే 14 శాతం పెరిగింది. సెకనుకు 1.2 సార్లు ఊగే కారు, స్ప్రింగు మారకుండా ఆ బరువు ఎక్కితే 1.1కు దిగుతుంది, మీ 11 ఊపులు అవే. కాబట్టి పాత తీరు తిరిగి రావాలంటే స్ప్రింగు 14 శాతం బిరుసెక్కితే చాలు. 13 మిల్లీమీటర్ల తీగ ఉందనుకుంటే 13.4 అవసరం, అంటే అర మిల్లీమీటరు కూడా కాదు. చుట్టించే ముందు, కాంటెసాకు ఇసుజు డీజిల్ మోడల్ కూడా ఉండేది కనుక, దాని ముందు స్ప్రింగులు ఎక్కడైనా దొరికితే మీ వాటి పక్కన పెట్టి తీగ మందం, చుట్ల సంఖ్య, విడిగా ఉన్నప్పటి ఎత్తు పోల్చి చూడండి. సరిపోతే ఆ ఖర్చే తప్పుతుంది.

అయితే స్ప్రింగుల పని ఆఖరుకు ఉంచండి. వెనుక బుష్‌లన్నీ ఒకేసారి మార్చి, ఆ బోల్టులను కారు నేల మీద తన బరువుతో నిలబడ్డాకే చివరిగా బిగించమనండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి ఆరు నెలలకే చిరుగుతుంది. ఈ ముక్క చాలామంది మేస్త్రీలు పట్టించుకోరు, పక్కన నిలబడి చేయించుకోండి. తరువాత నాలుగు షాకులు. వేరే కారువి వేస్తే పూర్తిగా సాగినప్పుడూ ముడుచుకున్నప్పుడూ పొడవులు పాతవాటితో సరిపోవాలి. ఆ దశలో ముందు బ్రేకులు, హోసులు కూడా చూపించండి, పెరిగిన బరువును ఆపవలసినవి అవే. అప్పుడు అదే గట్టు రోడ్డు మీద 60 దగ్గరా, హైవే మీద 85 దగ్గరా నడిపి చూసి, ముక్కు ఇంకా దిగుతుంటేనే స్ప్రింగులు.

అమలాపురం కాంటెసా:

బుష్‌లకు కాకినాడలో చెప్పాను, సోమవారం వస్తాయన్నారు. తుప్పు ఉన్న గిన్నెకు ఆదివారం వెల్డింగు. బోల్టులు బిగించేటప్పుడు నేనే పానా పట్టుకుని కింద పడుకుంటాను. రెండు బఫర్లూ ఇంకా డిక్కీలోనే ఉన్నాయి, ఆ షెడ్డు మీదుగా వెళ్లినప్పుడు తిరిగి ఇచ్చేస్తాను.