'జలజలా దూకేను'... తర్వాత ఏమిటి?

పద్యప్రియ: మూడు రోజులుగా ఒక ద్విపద, అంటే రెండు పాదాల పద్యం, నోట్లో నానుతోంది. చిన్నప్పుడు తెలుగు మాస్టారు బోర్డు మీద రాసి మాచేత గణాలు కట్టించారు.

జలజలా దూకేను ... నీరు
తెలితెలి నురగలై తీగలై జారు

చుక్కల చోట 'కొండపై' అని గుర్తు. గణాలు కుదిరాయి, యతే పోయింది: పాదం మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ మైత్రి ఉండాలి, 'జ'కి 'కొ' కుదరదు. ఎవరికైనా తెలుసా?

యతిమైత్రి: 'కొండపై' కాదండీ, 'చరియపై' అయ్యుంటుంది. జ–చ మైత్రి సరిపోయింది, మూడు లఘువులూ ఒక గురువూ, నగమూ కుదిరింది.

దేశికవిత: 'శిలలపై' ఎందుకు కాకూడదు? జల–శిల, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి. పాల్కురికి సోమన తన ద్విపద కావ్యం బసవపురాణంలో ప్రాసయతి ఎంత ధారాళంగా వాడాడు! పైకి చదవండి, రాతి మీద నీళ్లు పడ్డ చప్పుడు వినిపిస్తుంది.

యతిమైత్రి: రెండో పాదంలో తె–తీ అని అక్షరయతి వేసిన కవి మొదటి పాదంలో ప్రాసయతికి పోతాడా?

దేశికవిత: ద్విపదలో అదేం కొత్త కాదు.

లఘువు: నా పేచీ అంతా 'జలజలా' చివరి దీర్ఘం మీద. ద్విపదైతే 'జలజల' అన్నా నాలుగు లఘువుల నలమే, ఆ గణమూ చెల్లుతుంది, ఇబ్బంది లేదు. మరి దీర్ఘం ఎందుకు? జలజలా, దూకేను, కొండపై... లఘువుకి ఒకటి, గురువుకి రెండు చొప్పున మూడూ ఐదేసి మాత్రలు. ఇది ఖండగతిలో, అంటే ఐదు మాత్రల నడకలో, పాట! పాటైతే యతి గొడవే లేదు, 'కొండపై' ఉంటే ఉండనీ. 'దూకేను' కూడా పాట మాటే, పద్యకవి 'దూకెను' అంటాడు. విశ్వనాథ సత్యనారాయణగారి 'కిన్నెరసాని పాటల్లో' కిన్నెరసాని కరిగి వరదలై పారింది ఈ ఐదు మాత్రల నడకలోనే. 'కరిగింది కరిగింది' అని చదువుతుంటే నీరు ఒక్కో మెట్టే దిగుతున్నట్టు ఉంటుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

యతిమైత్రి: కిన్నెరసాని దగ్గర నేనూ కరిగిపోతాను. కానీ 'తెలితెలి'కి నాలుగు మాత్రలే కదా?

లఘువు: పాడేటప్పుడు 'తెలితెలీ' అని లాగుతాం.

యతిమైత్రి: అలా లాగితే ఏదైనా ఖండగతే అవుతుంది!

అర్థచింత: అసలు జలజల రాలేవి ముత్యాలు, కన్నీళ్లు. జలపాతం హోరున కదా పడేది? కవి చూసింది పెద్ద ధార అయ్యుండదు, పాయలుగా విడిపోయి జారే సన్నటి నీరు. 'తీగలై' అన్నది అందుకే. అంత సుకుమారమైన నీటికి 'దూకేను' ఎలా పొసిగిందా అని నా అనుమానం.

పద్యప్రియ: అందరికీ ధన్యవాదాలు. 'శిలలపై' పెట్టి నాలుగుసార్లు పైకి చదివాను, చెవికి అదే హాయిగా ఉంది. కానీ కళ్లు మూసుకుంటే బోర్డు మీద 'కొ' పక్కన మాస్టారు సుద్దముక్క నొక్కి పెట్టిన సున్నా కనిపిస్తోంది. చరియలోనూ శిలలోనూ సున్నా లేదు.