అప్‌డేట్: క్రాన్‌లో హెచ్‌డీఎఫ్‌ఎస్ పుట్ సక్సెస్ అంటోంది, ఫైల్ మాత్రం లేదు (తేలింది)

ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల ఫైళ్లు చేత్తో పుట్ (ఫైల్ ఎక్కించే) కమాండ్ ఇస్తే హెచ్‌డీఎఫ్‌ఎస్‌లోకి (చాలా మెషీన్లలో ఫైళ్లు దాచే హడూప్ స్టోరేజ్) వెళ్తున్నాయి, రాత్రి క్రాన్‌లో (టైముకు స్క్రిప్టులను దానంతటదే నడిపే టూల్) మాత్రం ఎర్రర్ లేకుండానే మాయమవుతున్నాయని అడిగాను. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

"క్రాన్ బాష్‌ఆర్‌సీ (షెల్ సెట్టింగుల ఫైల్) చదవదు, హడూప్ కాన్ఫ్ డైరెక్టరీ వేరియబుల్ (హడూప్ సెట్టింగులు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చెప్పేది) చూడండి" అన్న సలహాయే పనిచేసింది. మా కోర్-సైట్ ఫైల్ (ఏ ఫైల్ సిస్టమ్ వాడాలో హడూప్‌కు చెప్పేది) వేరే ఫోల్డర్లో ఉంది. ఆ వేరియబుల్ లేకపోతే హడూప్ తన సొంత ఖాళీ కాన్ఫిగ్ తీసుకుంటుంది, అప్పుడు డిఫాల్ట్ ఫైల్ సిస్టమ్ లోకల్ డిస్కే! అదే పేరుతో లోకల్ డిస్కులోనూ ఫోల్డర్ ఉండటంతో పుట్ నిజంగానే పూర్తై ఎగ్జిట్ కోడ్ 0 (ఎర్రర్ లేదని అర్థం) ఇచ్చింది. ఫైళ్లన్నీ అక్కడే దొరికాయి.

స్క్రిప్ట్ మొదట్లో ఆ వేరియబుల్‌కు ఎక్స్‌పోర్ట్ పెట్టి, గమ్యం పాత్‌ను నేమ్‌నోడ్ (హెచ్‌డీఎఫ్‌ఎస్ ప్రధాన సర్వర్) పేరు, 8020 పోర్టుతో సహా పూర్తిగా రాశాం. సేఫ్‌మోడ్ (హెచ్‌డీఎఫ్‌ఎస్ రాయనివ్వని స్థితి), పర్మిషన్లు, రెప్లికేషన్‌కు (ఫైల్ కాపీలు ఉంచడం) దీంతో సంబంధం లేదు.

మీకూ ఇలాగే ఉంటే ముందు క్రాన్ నుంచే గెట్‌కాన్ఫ్‌తో (సెట్టింగు విలువ చూపే కమాండ్) డిఫాల్ట్ ఎఫ్‌ఎస్ (డిఫాల్ట్ ఫైల్ సిస్టమ్) విలువ లాగ్‌లో వేయించండి.