ఉగాది హాల్లో పోస్టర్ల మూల: ఎవరు ఏం చూసుకుంటారు?

పోస్టర్ల మూల:
అందరికీ నమస్కారం. మన ఉగాది వేడుకలో పిల్లల కోసం పెట్టే పోస్టర్ల మూల నేను చూసుకుంటున్నా. వట్టి డ్రాయింగ్ పోటీ పెడితే పిల్లలంతా మావిడాకులూ పచ్చడి గిన్నే వేసి వెళ్ళిపోతారు. ఉంటున్నది టోక్యోలో కదా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడి డిజైనర్లు వేసిన పోస్టర్లు ఓ పది నిమిషాలు చూపించి, ఆ తర్వాత కత్తెరలు ఇద్దాం.

మొదట కామెకురా యూసాకు. 1964 ఒలింపిక్స్‌కి ఆయన వేసిన మొదటి పోస్టర్ 1961 నాటిది. తెల్ల కాగితం మీద పెద్ద ఎర్రటి గుండ్రం, దాని కిందే బంగారు రంగు వలయాలు, ఆ కింద టోక్యో 1964 అన్న అక్షరాలు. ఇంకేమీ లేదు. అయినా దూరం నుంచే లాగేస్తుంది.

మన పిల్లలకి బాగా పట్టేది మాత్రం యమాషిరో ర్యూయిచి 1955లో చేసిన అడవి పోస్టర్. ఒక్క బొమ్మ ఉండదు. చెట్టు, తోపు, అడవి అనే మాటలకి జపనీస్‌లో వాడే కంజీ అక్షరాలనే (ఒక్కో అక్షరం ఒక్కో మాట) చిన్నవీ పెద్దవీ కలిపి గుబురుగా పేర్చారు. ఆ మూడూ ఇక్కడి బడిలో ఒకటో తరగతిలోనే నేర్పుతారు కాబట్టి పెద్దగా చెప్పక్కర్లేదు. అలాగే ‘ఉగాది’ అక్షరాలు తప్ప ఇంకేం వాడొద్దని రూల్ పెడదామా?

స్పాన్సర్లు:
ఐడియా బాగుంది అక్కా. కానీ మన మెయిన్ పోస్టర్ సంగతేంటి? లోగోలు, కమిటీ ఫొటోలు అన్నీ పట్టాలి. ఎర్ర గుండ్రం ఒక్కటే వేసి ఊరుకుంటే ఫోన్లన్నీ నాకే వస్తాయి.

పోస్టర్ల మూల:
తమ్ముడూ, 1950ల్లో నికాన్ కెమెరాలకి పోస్టర్లు వేసిందీ ఈ కామెకురాగారే. అవీ కంపెనీ డబ్బిచ్చి వేయించుకున్నవే. లోగోలు స్టేజి స్క్రీన్ మీద, ఆహ్వాన కార్డు వెనక వేద్దాం. ఫొటోల గురించి ప్రెసిడెంట్‌గారితో నేను మాట్లాడతా. ఫ్లెక్సీలో తలకాయలు లెక్కపెట్టుకునే అలవాటు విమానం ఎక్కి మరీ వచ్చింది మనతో!

పిల్లల బాధ్యత:
ఫుకుదా షిగెయో పోస్టర్ కూడా పెడుతున్నారట. పండగ పూట తుపాకీ గొట్టం ఎందుకండీ?

పోస్టర్ల మూల:
1975లో చేసిన ‘విక్టరీ’ అండీ అది. పసుపు మీద నల్ల గొట్టం, గుండు బయటికి కాకుండా వెనక్కి తిరిగి దాంట్లోకే వెళ్తుంటుంది. యుద్ధం వద్దని చెప్పేదే. సరే, పదేళ్ళు దాటినవాళ్ళకే చూపిద్దాం.

పిల్లల బాధ్యత:
అలాగైతే ఓకే. చిన్నవాళ్ళకి కత్తెర వద్దు, కాగితం చింపి అంటించమంటాను. జిగురు, రంగు కాగితాలు వంద యెన్ల షాపులో నేను కొంటాను.

పోస్టర్ల మూల:
పోస్టర్ల పుస్తకాలు లైబ్రరీలో నేను తీసుకుంటా. నెట్‌లోంచి బొమ్మలు ప్రింట్ తీయొద్దు, హక్కుల గొడవ. షియోదోమెలోని ప్రకటనల మ్యూజియంకి ఒకసారి వెళ్ళొద్దాం, టికెట్ లేదు. ఆదివారం సెలవు కాబట్టి శనివారం. నిషికసాయ్‌లో ఉండేవాళ్ళు మెట్రో తోజాయ్ లైన్‌లో నిహొంబాషి దాకా వచ్చి గింజా లైన్ మారితే షింబాషి, అక్కణ్ణుంచి మ్యూజియం దగ్గరే. వచ్చేవాళ్ళు కింద పేరు పెట్టండి.

స్పాన్సర్లు:
నేనొస్తా. లోగోల ఫైలు కూడా తెస్తా, ఎందుకైనా మంచిది.