30 డిగ్రీల ఆర్క్ మీద రేడియస్: ఐదుసార్లు కొలిచి సగటు తీసుకోవచ్చా?

ప్రశ్న:

నమస్కారం. డ్రాయింగ్‌లో రేడియస్ 25, టాలరెన్స్ ±0.05 మి.మీ. కానీ భాగం మీద ప్రోబ్‌కి (సీఎంఎం అనే కొలత యంత్రంలో భాగాన్ని తాకి కొలిచే సూదికి) దొరికే ఆర్క్ (వృత్తం ముక్క) 30 డిగ్రీలే, మిగతాదంతా పక్క ముఖాల్లో కలిసిపోతుంది. టచ్ ట్రిగర్ ప్రోబ్‌తో 7 హిట్లు (తాకి నమోదు చేసే పాయింట్లు) తీసుకుంటున్నాను. క్లాంప్ కదపకుండా వరసగా ఐదుసార్లు ప్రోగ్రామ్ నడిపితే ఇలా వచ్చాయి: 25.058, 24.981, 25.031, 24.996, 25.044.

మొదటి రీడింగ్‌తో ఆగి ఉంటే భాగం రిజెక్ట్. మిగతా నాలుగింట్లో ఏది చూసినా పాస్. రిపోర్టు మీద సంతకం నాది. మంచి భాగాన్ని తీసిపారేయడానికీ మనసొప్పదు, చెడ్డదాన్ని పంపడానికీ ఒప్పదు. పీసీ-డీమిస్ అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో ఈ ఐదింటి సగటును ఒకే రేడియస్‌గా రిపోర్టులోకి తేవడం ఎలాగండీ?

మొదటి జవాబు:

ఐదు సర్కిళ్లు వేర్వేరు పేర్లతో కొలవండి. అసైన్‌మెంట్‌లో (ప్రోగ్రామ్‌లో లెక్క రాసే కమాండ్‌లో) వాటి రేడియస్‌లు కూడి 5తో భాగించి ఒక వేరియబుల్‌లో పెట్టండి. తర్వాత ఒక జెనరిక్ ఫీచర్ (విలువలు మనమే ఇచ్చే ఫీచర్) చేసి, దాని రేడియస్ దగ్గర ఆ వేరియబుల్ పేరు రాయండి. మామూలు ఫీచర్‌లాగే డైమెన్షన్ చేసుకోవచ్చు. మీ రీడింగ్‌లకు సగటు 25.022.

రెండో జవాబు:

పద్ధతి సరైనదే. కానీ సంతకం పెట్టేముందు ఒక లెక్క చూడండి. 25 రేడియస్‌కి 30 డిగ్రీల ఆర్క్ అంటే జ్యా (ఆర్క్ రెండు చివరలను కలిపే గీత) పొడవు సుమారు 12.94, మధ్యలో ఆర్క్ ఉబ్బు 0.85 మి.మీ. మాత్రమే. సాఫ్ట్‌వేర్ ఆ చిన్న ఉబ్బును చూసి మొత్తం వృత్తాన్ని ఊహిస్తోంది. ఉబ్బులో 1 మైక్రాన్ (0.001 మి.మీ.) తేడా వస్తే రేడియస్‌లో దాదాపు 28 మైక్రాన్లు మారుతుంది. మీకు కనిపించిన 0.077 తేడా వెనక ఉన్నది 3 మైక్రాన్లు కూడా కాదు. మెషిన్ మీద అనుమానం వద్దు.

ఐదింటి సగటు వల్ల చెదురు √5 వంతున, అంటే సగానికి కొంచెం ఎక్కువ తగ్గుతుంది. తగ్గేది కూడా ఒకసారి పైకి ఒకసారి కిందికి పోయే తేడా మాత్రమే. ప్రతిసారీ ఒకేవైపు లాగే తప్పు ఐదు వందల సార్లు కొలిచినా అలాగే ఉంటుంది. 50 మి.మీ. వ్యాసం ఉన్న మాస్టర్ రింగ్ (కచ్చితమైన కొలత తెలిసిన రింగ్) ఉంటే దాని మీద కూడా అదే దిశలో 30 డిగ్రీలే కొలిచి చూడండి.

ప్రశ్న అడిగినవారు:

ఈ రోజే చూశాను సర్. రింగ్ మొత్తం చుట్టూ కొలిస్తే 25.001, ఎన్నిసార్లు కొలిచినా మైక్రాన్ కదల్లేదు. నా భాగం ఉన్న దిశలో 30 డిగ్రీలే కొలిస్తే ఐదింటి సగటు 25.029. పక్కకి 60 డిగ్రీలు జరిగి కొలిస్తే 24.982. రింగ్ అదే, ప్రోబ్ అదే. నిన్నటి 25.022ని నిజమని నమ్మి రాసేసేవాణ్ణి!

రెండో జవాబు ఇచ్చినవారు:

టచ్ ట్రిగర్ ప్రోబ్ ఒక్కో దిశలో ఒక్కో దూరం వంగాకే ట్రిగర్ అవుతుంది. పూర్తి వృత్తంలో ఆ తేడాలు చాలావరకు సర్దుకుంటాయి, చిన్న ఆర్క్‌లో సర్దుకోవు. అలాగని రింగ్ తేడాను భాగం రీడింగ్ నుంచి తీసేయకండి. రింగ్ లోపలివైపు, మీ భాగం బయటివైపు అయితే హిట్ దిశే తిరగబడుతుంది. డిజైన్ వాళ్లను అడిగి ఆ రేడియస్‌ను ప్రొఫైల్ టాలరెన్స్‌గా (ఉపరితలం అసలు ఆకారం నుంచి ఎంత తప్పవచ్చో చెప్పే హద్దుగా) మార్పించండి. అప్పుడు రేడియస్‌ను 25 దగ్గర కట్టేసి, డేటమ్‌ల (కొలతలకు ఆధారంగా తీసుకునే ముఖాల) నుంచి ప్రతి పాయింటూ ఎంత తప్పిందో చూస్తే చాలు. అక్కడ 3 మైక్రాన్లు 3 మైక్రాన్లుగానే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:

రింగ్ రీడింగ్‌లు జతచేసి డిజైన్ వాళ్లకు పంపాను. జవాబు వచ్చేదాకా ఆ లాట్ పక్కన పెట్టించాను, పాస్ అనీ రాయలేదు, రిజెక్ట్ అనీ రాయలేదు.